‘పోగొట్టుకున్న అమ్మ’: షిన్ క్యుంగ్-సుక్ నవలకు పాఠకుల ప్రతిస్పందన – రసవిఘ్న దృష్టితో పరిశీలన

వ్యాస సంగ్రహం

దక్షిణ కొరియా రచయిత్రి షిన్ క్యుంగ్-సుక్ 2008లో వెలువరించిన నవల ‘ఒమ్మరుల్ బుతాఖే’. ఇంగ్లీషులో 2011లో ‘ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మామ్’ పేరుతో వచ్చింది. పల్లె విడిచి నగరానికి వెళ్ళిన పిల్లలు, ఆ నగరపు రైల్వేస్టేషనులో తప్పిపోయిన తల్లి ఇందులోని ఇతివృత్తం. ఈ నవల చదివి కన్నీరు పెట్టుకున్న పాఠకులు ఎంతమంది ఉన్నారో, ఆ కన్నీటినే దోషంగా ఎంచిన విమర్శకులూ అంత గట్టిగా ఉన్నారు. ఈ భేదాన్ని రెండు సంస్కృతుల అభిరుచి భేదంగా వివరించడం పరిపాటి. ఆ వివరణ చాలదని, భేదానికి మూలం నవలలోని మధ్యమ పురుష కథనంలోను, అది పాఠకుణ్ణి నిలబెట్టే స్థానంలోను ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలలో రెండింటిని ఆధారంగా గ్రహిస్తుంది.

కీలక పదాలు: పాఠక ప్రతిస్పందన, కొరియా నవల, మధ్యమ పురుష కథనం, సాధారణీకరణం, రసవిఘ్నాలు, వలస, మాతృత్వం.

1. ప్రవేశిక

సాహిత్య విమర్శలో పాఠకుడి స్థానాన్ని గురించిన చర్చ పాశ్చాత్య దేశాలలో 1960ల చివరి నుంచి బలపడింది. హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో జర్మనీలోని కాన్‌స్టంజ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, ప్రతి రచనా పాఠకుల అపేక్షల పరిధిలోకి ప్రవేశిస్తుందని, ఆ పరిధికి రచన ఎంత దగ్గరగా లేదా దూరంగా ఉన్నదన్న దాన్నిబట్టి దాని స్వీకృతి నిర్ణయమవుతుందని వివరించాడు. ఆయన సహచరుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ రచనలో చెప్పకుండా విడిచిన ఖాళీలను పాఠకుడు పూరించే క్రియనే పఠనంగా భావించాడు. భారతీయ అలంకార శాస్త్రంలో ఈ చర్చ ఇంకా ప్రాచీనం. భట్టనాయకుని సాధారణీకరణ భావన, అభినవగుప్తుని సహృదయ లక్షణం, రసవిఘ్న వివేచన అన్నీ ‘కావ్యం ఎవరిలో, ఎలా ఫలిస్తుంది’ అన్న ప్రశ్నకే సమాధానాలు.

ఈ రెండు సంప్రదాయాల సిద్ధాంతాలను పాఠ్యాంశంగా బోధించడం విశ్వవిద్యాలయాలలో జరుగుతున్నదే. ఒక సమకాలీన నవలకు నిజంగా వచ్చిన స్పందనలపై వాటిని ప్రయోగించి, అవి ఎంతవరకు ఉపకరిస్తాయో చూడడం అరుదు. షిన్ నవల అటువంటి పరీక్షకు అనువైనది. ఒకే రచన ఒకచోట లక్షలాది పాఠకుల హృదయాన్ని కదిలించడం, మరొకచోట ‘పాఠకుణ్ణి బలవంతంగా ఏడిపించే రచన’ అన్న ఆక్షేపణకు గురికావడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తాయి.

2. రచయిత్రి, నవల

షిన్ క్యుంగ్-సుక్ 1963లో ఉత్తర జొల్లా రాష్ట్రంలోని జొంగప్ ప్రాంతంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించింది. పదహారేళ్ళ వయసులో సియోల్ చేరి, పగలు ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేస్తూ రాత్రి పాఠశాలలో చదువుకుంది. 1985లో కథారచయిత్రిగా ప్రవేశించింది. కర్మాగార జీవితానుభవం ఆధారంగా 1995లో ఒక ఆత్మకథాత్మక నవల వెలువరించింది. ఊరు విడవడం అన్నది ఆమె రచనలలో మొదటి నుంచీ ఉన్న వస్తువు.

‘ఒమ్మరుల్ బుతాఖే’ మొదట ‘చాంగ్‌జాక్‌గ్వా బిప్యాంగ్’ అనే త్రైమాసిక పత్రికలో ధారావాహికగా వచ్చి, 2008 నవంబరులో పుస్తకమైంది. కథ సంగ్రహంగా ఇది. పార్క్ సో-న్యో అనే పల్లెటూరి వృద్ధురాలు పుట్టినరోజు వేడుక కోసం భర్తతో కలిసి సియోల్‌లోని పిల్లల దగ్గరకు బయలుదేరుతుంది. సియోల్ స్టేషను భూగర్భ రైలు దగ్గర భర్త ముందు నడిచి రైలెక్కుతాడు. తలుపులు మూసుకుంటాయి. ఆమె వేదిక మీద మిగిలిపోతుంది. నవల మొదలయ్యేసరికి ఇది జరిగి వారం అయింది.

గాలింపు ప్రకటన రాయడానికి కూర్చున్న పిల్లలకు తల్లి పుట్టిన సంవత్సరం విషయంలోనే సందేహం వస్తుంది. ప్రభుత్వ పత్రాలలో ఉన్నది ఒకటి, నిజంగా పుట్టింది మరొకటి. చిన్నపిల్లలు బతికి బట్టకట్టడం నమ్మకం లేని రోజుల్లో పుట్టుక నమోదును ఆలస్యం చేయడం ఆ పల్లెలలో ఆనవాయితీ. ఆమె ముఖం తెలిసిన ఇటీవలి ఛాయాచిత్రం కూడా వారికి సులభంగా దొరకదు. ఒక మనిషిని వెతకడానికి కావలసిన కనీస వివరాలు కూడా కన్నబిడ్డల దగ్గర లేవన్న ఎరుకతో కథ ముందుకు సాగుతుంది.

నవలలో నాలుగు అధ్యాయాలు, ఒక ఉపసంహారం ఉన్నాయి. మొదటి అధ్యాయంలో రచయిత్రి అయిన పెద్ద కూతురు చి-హొన్‌ను కథకస్వరం ‘నువ్వు’ అని సంబోధిస్తుంది. రెండవ అధ్యాయం పెద్ద కొడుకు హ్యోంగ్-చొల్ గురించి ప్రథమ పురుషలో నడుస్తుంది. మూడవ అధ్యాయంలో భర్త మళ్ళీ మధ్యమ పురుషలో సంబోధితుడవుతాడు. నాలుగవ అధ్యాయంలో మాత్రమే తల్లి ‘నేను’ అంటూ మాట్లాడుతుంది. ఉపసంహారంలో కథ తిరిగి పెద్ద కూతురి దగ్గరకు, మధ్యమ పురుషకు చేరుతుంది. అప్పటికి తొమ్మిది నెలలు గడిచాయి. తల్లి దొరకలేదు.

ఈ నిర్మాణంలో గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ కుటుంబంలో ప్రతివారూ ఏదో ఒక సమయంలో ఇల్లు విడిచినవారే. పెద్ద కొడుకు ఉద్యోగం కోసం, కూతురు చదువు కోసం వెళ్ళారు. భర్త మరొక స్త్రీతో కలిసి కొంతకాలం ఇల్లు వదిలి తిరిగివచ్చినవాడు. అందరూ వదిలిన ఇంట్లో నిలిచినది తల్లి ఒక్కతే. నిలిచిన మనిషి కూడా లేకుండా పోయినప్పుడు, అంతకుముందు వెళ్ళినవారి ప్రతి ప్రయాణమూ కొత్త అర్థంతో వారి ముందుకు వస్తుంది. నవలలోని విషాదం ఈ వెనుదిరిగి చూడడంలో ఉంది.

3. కొరియా పాఠకుల స్పందన

పుస్తకం వెలువడిన ఏడాది లోపలే కొరియాలో పది లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 2010లో నాటకంగా, 2011లో సంగీత నాటకంగా రంగస్థలం ఎక్కింది. చదవడం ముగించగానే తల్లికి ఫోన్ చేశామన్న మాట అక్కడి పాఠకుల స్పందనలలో తరచుగా వినిపించింది. తల్లి అనే అంశం చుట్టూ పత్రికలలో, ప్రచురణ రంగంలో ఒక ప్రత్యేకమైన ఆసక్తి ఏర్పడింది.

ఈ స్పందనకు సామాజిక నేపథ్యం ఉంది. 1960లో దక్షిణ కొరియా జనాభాలో పట్టణవాసులు మూడవ వంతు కన్నా తక్కువ. 2000 నాటికి వారి వాటా దాదాపు 80 శాతానికి చేరింది. ఇతర దేశాలలో ఒక శతాబ్దం పట్టిన మార్పు అక్కడ ఒక తరం జీవితకాలంలో జరిగింది. అందువల్ల 2008లో ఈ నవల చదివిన నడివయసు పాఠకులలో చాలామంది తామే పల్లె విడిచి వచ్చినవారు, లేదా అలా వచ్చినవారి సంతానం. పల్లె నుంచి కారం, ఊరగాయలు, ధాన్యం మోసుకొని నగరానికి వచ్చే తల్లి వారికి కల్పిత పాత్ర కాదు. నవల వెలువడిన సమయం ప్రపంచ ఆర్థిక సంక్షోభ కాలం కూడా. ఉద్యోగాలు, ఇళ్ళు అస్థిరమైన వేళ, తమ ఎదుగుదలకు మూల్యం చెల్లించినది ఎవరు అన్న ప్రశ్నకు పాఠకులు సిద్ధంగా ఉన్నారు.

పెద్ద కొడుకు అధ్యాయంలోని ఒక ఘట్టం ఈ అంశాన్ని స్పష్టం చేస్తుంది. సియోల్‌లో చిన్న ఉద్యోగంలో ఉన్న కొడుకుకు ఒక ధ్రువపత్రం అత్యవసరమవుతుంది. తల్లి దాన్ని తీసుకొని, ఎన్నడూ చూడని నగరానికి రాత్రి రైలులో వస్తుంది. కొడుక్కి సొంత గది లేదు. కార్యాలయంలో రాత్రి కాపలా ఉండే గదిలో ఇద్దరూ పడుకుంటారు. చలి కొట్టే గోడవైపు తాను పడుకుంటానని తల్లి పట్టుబడుతుంది. ఆ రాత్రి కొడుకు తల్లికి చేసుకున్న వాగ్దానాలు తరువాతి జీవితంలో నెరవేరవు. తల్లి తప్పిపోయాక, నీలిరంగు ప్లాస్టిక్ చెప్పులతో ఒక వృద్ధురాలు కనిపించిందన్న సమాచారం వచ్చిన చోట్లన్నీ తాను వెనుకటి రోజుల్లో అద్దెకున్న వాడలేనని అతడు గుర్తిస్తాడు. కొరియా పాఠకుడు ఈ ఘట్టంలో తన కుటుంబ చరిత్రను చదువుకున్నాడనడంలో ఆశ్చర్యం లేదు.

కొరియాలో స్పందన ఏకముఖంగా లేదన్నది కూడా గుర్తించాలి. తల్లి త్యాగాన్ని పూజనీయం చేయడం వల్ల ఆ త్యాగాన్ని కోరిన వ్యవస్థ ప్రశ్నకు గురికాకుండా తప్పుకుంటుందని, మాతృత్వ మహిమ అనే పాత భావనే కొత్త రూపంలో వచ్చిందని స్త్రీవాద దృష్టితో విమర్శించినవారు అక్కడా ఉన్నారు. అంటే ఆక్షేపణ విదేశాలలో మాత్రమే పుట్టినది కాదు.

4. అమెరికాలో వచ్చిన స్పందన

చీ-యంగ్ కిమ్ ఇంగ్లీషు అనువాదాన్ని న్యూయార్క్‌కు చెందిన నాఫ్ సంస్థ 2011 ఏప్రిల్‌లో ప్రచురించింది. అనువాదానికి విస్తృతమైన పాఠకాదరణ లభించింది. 2011వ సంవత్సరపు మాన్ ఏషియన్ సాహిత్య పురస్కారం 2012 మార్చిలో ఈ నవలకు దక్కింది. ఆ పురస్కారం పొందిన మొదటి మహిళ షిన్. తుది జాబితాలో అమితవ్ ఘోష్, జాహ్నవి బారువా, రాహుల్ భట్టాచార్యల రచనలు కూడా ఉండడం భారతీయ పాఠకులకు గుర్తుండదగిన విషయం.

ఈ ఆదరణకు ఎదురుగా నిలిచిన స్పందనలలో అమెరికా జాతీయ ప్రజా రేడియో ఎన్.పి.ఆర్.లో మారీన్ కోరిగన్ చేసిన సమీక్ష ప్రసిద్ధమైనది. నవల పాఠకులలో అపరాధ భావాన్ని కృత్రిమంగా రేపుతుందని, తల్లి దుఃఖానికి భర్త, పిల్లలే పూర్తి బాధ్యులన్న ఆలోచన అమెరికా పాఠకురాలికి పరాయిదని ఆమె అభిప్రాయం. కన్నీటి కథలకు వాడే వెక్కిరింతకు కొరియా వంటకం పేరు జోడించి ఆమె చేసిన వ్యాఖ్య ఎక్కువ వివాదాన్ని రేపింది. ఒక నవల లోపాన్ని ఒక జాతి ఆహారంతో ముడిపెట్టడాన్ని అనేకులు ఖండించారు.

ఆ వ్యాఖ్య సముచితం కాదన్నది నిజమే. అయితే వ్యాఖ్యను ఖండించడంతో సమీక్షలోని సాహిత్య ప్రశ్న పరిష్కారం కాదు. పాఠకుడిలో అపరాధ భావాన్ని కలిగించడం సాహిత్య ప్రయోజనమేనా? సొంత తల్లిని తలచుకొని ఏడ్చిన పాఠకుడు నవలను చదివినట్టా, లేక నవలను నెపంగా చేసుకొని తన జీవితాన్ని చదువుకున్నట్టా? కొరియాలోని స్త్రీవాద విమర్శ, అమెరికాలోని ఈ సమీక్ష రెండూ వేర్వేరు దారులలో ఈ ప్రశ్న దగ్గరకే వస్తాయి. ‘తూర్పు దేశాలవారికి కుటుంబం ముఖ్యం, పాశ్చాత్యులకు వ్యక్తి ముఖ్యం’ అన్న సాధారణ సూత్రం దీనికి జవాబు చెప్పదు. అమెరికాలోనే లక్షణంగా ఏడ్చిన పాఠకులు, కొరియాలోనే అభ్యంతరం చెప్పిన పాఠకులు ఆ సూత్రానికి లొంగరు.

5. సర్వనామం చేసే పని

జవాబు కోసం ముందుగా నవల భాషను చూడాలి. కొరియా మూలంలో మొదటి వాక్యంలోని క్రియ ‘ఇర్‌హొబొరిదా’. దీనికి ‘పోగొట్టుకొను’ అని అర్థం. అది సకర్మక క్రియ. ఇంగ్లీషు అనువాదంలో తల్లి ‘కనిపించకుండా పోయిన’దిగా మారింది. తెలుగులో ఈ తేడా తేటగా తెలుస్తుంది. ‘అమ్మ తప్పిపోయింది’ అన్నప్పుడు కర్త అమ్మ. ‘అమ్మను పోగొట్టుకున్నాం’ అన్నప్పుడు కర్తలు పిల్లలు. మూలం మొదటి వాక్యంలోనే బాధ్యతను వ్యాకరణంలో స్థాపించింది. అనువాదంలో అది మరుగుపడింది.

సంబోధన విషయంలో మరొక తేడా ఉంది. మూలంలో కూతురిని సంబోధించే సర్వనామం ‘నొ’. ఇది చనువున్నవారిని, చిన్నవారిని ఉద్దేశించేది. భర్తను సంబోధించే సర్వనామం ‘దాంగ్‌షిన్’. భార్యాభర్తల మధ్య వాడుకలో ఉన్న మాట. ఇంగ్లీషులో రెండూ ఒకే ‘యూ’లో కలిసిపోయాయి. తెలుగు అనువాదకుడైతే కూతురికి ‘నువ్వు’, భర్తకు ‘మీరు’ వాడి ఈ తేడాను చాలావరకు నిలబెట్టగలడు. తెలుగు కుటుంబాలలో పాత తరం ఇల్లాలు కూతురిని ‘నువ్వు’ అని, భర్తను ‘మీరు’ అని పిలవడం సహజం.

ఈ పోలిక నుంచి ఒక ముఖ్యమైన ప్రశ్న పుడుతుంది. కూతురిని ‘నొ’ అని, భర్తను ‘దాంగ్‌షిన్’ అని పిలవగల వ్యక్తి ఆ ఇంట్లో ఎవరు? తల్లే. అయితే కథకస్వరం తల్లిదేనా? మొదటి అధ్యాయంలో ఆ స్వరం తల్లిని ‘అమ్మ’ అనే ప్రస్తావిస్తుంది. రెండవ అధ్యాయంలో కొడుకును సంబోధించకుండా ‘అతడు’ అంటుంది. కాబట్టి స్వరం తల్లిదేనని నిర్ధారించడం కుదరదు. అది ఆయా పాత్రల అంతరాత్మ కావచ్చు. అయినా తల్లి నోట వినవలసిన సంబోధన ఆమె లేనిచోట వినిపిస్తూ ఉండడం మూల పాఠకుణ్ణి ఒక విధమైన సందిగ్ధంలో ఉంచుతుంది. నిందిస్తున్నది ఎవరో తెలియని నింద అది. అందులో ప్రేమ కూడా ఉండే అవకాశాన్ని ‘నొ’ తెరచి ఉంచుతుంది.

ఇంగ్లీషు ‘యూ’లో ఈ సందిగ్ధం లేదు. చనువు, బంధుత్వం, వయోభేదం తెలియని ఆ సర్వనామం నేరుగా పాఠకుడి వైపు వేలు చూపుతున్నట్టు వినిపిస్తుంది. అమ్మ చెప్పినట్టు తోచిన మాట, అభియోగంగా మారుతుంది. అపరాధ భావాన్ని బలవంతంగా రుద్దుతున్నదన్న ఆక్షేపణకు కొంత కారణం ఈ భాషాంతరంలోనే ఉంది.

రచయిత్రి స్వయంగా సంబోధన విషయంలో శ్రద్ధ వహించింది. గౌరవవాచకమైన ‘ఒమొని’ని విడిచి, చిన్నపిల్లలు పిలిచే ‘ఒమ్మ’ను స్వీకరించాకే రచన ముందుకు సాగిందని ఆమె చెప్పింది. తెలుగులో ‘మాతృమూర్తి’ అనడానికీ ‘అమ్మ’ అనడానికీ ఉన్న దూరం వంటిదే ఇది. శీర్షికలోని ‘బుతాఖే’ అప్పగింతతో కూడిన అభ్యర్థన. ‘అమ్మను చూసుకో’ అని ఎవరు, ఎవరికి చెబుతున్నారో శీర్షికలో లేదు. ఈజర్ చెప్పిన ఖాళీ శీర్షిక నుంచే మొదలవుతుంది. పాఠకుడు ఆ ఖాళీలో తనను నిలుపుకుంటే అభ్యర్థన తనకే చేరుతుంది.

6. రెండు విఘ్నాలు

రసప్రతీతికి ఏడు విఘ్నాలున్నాయని అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో పేర్కొన్నాడు. వాటిలో రెండు ఇక్కడ ఉపయోగిస్తాయి. మొదటిది ‘స్వగత పరగతత్వ నియమంతో కూడిన దేశకాల విశేషావేశం’. ప్రదర్శితమవుతున్న భావం ‘నాది’ అనో, ‘ఇతరులది’ అనో సామాజికుడు నిర్ణయించుకొని, దాన్ని ఒక దేశానికి, ఒక కాలానికి బంధించడం దీని స్వభావం. నాది అనుకుంటే పోగొట్టుకుంటానన్న భయమో, దాచుకోవాలన్న ఆతురతో కలుగుతుంది. ఇతరులది అనుకుంటే ఉదాసీనతో, విముఖతో కలుగుతుంది. రెండు స్థితులలోనూ మనసు రసం మీద నిలవదు. రెండవది ‘నిజసుఖాది వివశీభావం’. తన సొంత సుఖదుఃఖాలలో మునిగినవాడు మరొక వస్తువు మీద మనసును నిలపలేడు.

షిన్ నవలకు వచ్చిన స్పందనలను ఈ వెలుగులో చూస్తే పరస్పర విరుద్ధంగా కనిపించిన రెండు పక్షాలు ఒకే పటంలోకి వస్తాయి. ‘ఇది మా అమ్మ కథ’ అని ఏడ్చిన పాఠకుడు భావాన్ని స్వగతం చేసుకున్నాడు. ‘ఇది కొరియావారి కుటుంబ నీతి, మనది కాదు’ అన్న విమర్శకురాలు దాన్ని పరగతం చేసింది. మొదటివాడి కన్నీరు చాలావరకు నిజదుఃఖ వివశత్వం. పుస్తకం మూసి తల్లికి ఫోన్ చేయడం ఉత్తమమైన పనే. అయితే అది రసానుభవానికి నిదర్శనమని చెప్పడానికి వీలులేదు. ఆ క్షణంలో పాఠకుడి మనసులో సో-న్యో లేదు, తన తల్లి ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. అభినవగుప్తుని వివేచన నాట్యాన్ని ఉద్దేశించినది, నవలా పఠనానికి దాన్ని అన్వయించవచ్చునా అన్నది ఆ అభ్యంతరం. నాట్యంలో ఈ విఘ్నాలను తొలగించడానికి పూర్వరంగం, నటుని స్వరూపాన్ని మరుగుపరచే వేషం, గీతవాద్యాలు వంటి ఉపాయాలున్నాయని ఆయన చెప్పాడు. నవలలో అటువంటి ఉపాయాలు భాషలో, కథన నిర్మాణంలో ఉంటాయి. ప్రథమ పురుష కథనం వాటిలో ఒకటి. ‘అతడు’, ‘ఆమె’ అన్న సర్వనామాలు పాత్రకూ పాఠకుడికీ నడుమ ఉండవలసిన దూరాన్ని నిలబెడతాయి. షిన్ ఈ ఉపాయాన్ని ఉద్దేశపూర్వకంగా విడిచింది. ‘నువ్వు’ అన్న పిలుపుతో పాఠకుణ్ణి స్వగతంలోకి నెట్టింది. విఘ్నాన్ని తొలగించవలసిన చోట విఘ్నాన్నే సాధనంగా వాడింది. ఇది దోషమా, ప్రయోజనం ఉన్న ప్రయోగమా అన్నది నాలుగవ అధ్యాయం మీద ఆధారపడి ఉంది.

7. నాలుగవ అధ్యాయం: అమ్మ నుంచి మనిషికి

మొదటి మూడు అధ్యాయాలలో తల్లి ఇతరుల జ్ఞాపకాలలో మాత్రమే ఉంటుంది. జ్ఞాపకాలలో ఆమె వంట చేస్తుంది, మోస్తుంది, ఎదురుచూస్తుంది. ఆమెకు అక్షరాలు రావన్న సంగతి రచయిత్రి అయిన కూతురికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. కూతురి పుస్తకాన్ని తల్లి మరొకరి చేత చదివించుకొని విన్నదన్న సంగతి అంతకన్నా ఆలస్యంగా బయటపడుతుంది. మొదటి అధ్యాయంలోనే ఒక సూచన ఉంది. తన అన్నను చూసి తల్లి పరుగెత్తి పిలిచిన సందర్భంలో, తనకు అన్నలున్నట్టే అమ్మకూ అన్న ఉన్నాడని, ఆమె ఒకప్పుడు ఒకరికి చెల్లెలని కూతురికి హఠాత్తుగా తోస్తుంది. ఆ ఎరుక అక్కడ క్షణికం.

నాలుగవ అధ్యాయం ఆ ఎరుకను విస్తరిస్తుంది. శరీరం విడిచిన తల్లి పక్షి రూపంలో తాను ప్రేమించిన చోట్లకు వెళుతుంది. చిన్న కూతురి ఇంటికి వెళ్ళి, ముగ్గురు బిడ్డలతో సతమతమవుతున్న ఆమెను చూస్తుంది. తరువాత కుటుంబంలో ఎవరికీ తెలియని ఒక పురుషుని దగ్గరకు వెళుతుంది. దుఃఖ సమయాలలో ఆమె చెప్పుకోవడానికి ఉన్న మనిషి అతడు. ఆ అనుబంధానికి పేరు పెట్టడానికి నవల ప్రయత్నించదు. చివరకు ఆమె భర్త ఇంటిని కూడా దాటి తన పుట్టింటికి చేరుతుంది. అక్కడ ఆమె తల్లి, చెప్పులు ఒరిసి గాయపడిన ఆమె పాదాలను చూసి దగ్గరకు తీసుకుంటుంది. జీవితమంతా తనకూ ఒక అమ్మ అవసరమైందన్న మాటతో ఆ అధ్యాయం ముగుస్తుంది.

ఇది నవలలో కీలకమైన మలుపు. ఇంతవరకు ‘నువ్వు’ అన్న సంబోధన కింద అపరాధిగా నిలిచిన పాఠకుడు ఇప్పుడు ‘నేను’ అనే గొంతు వింటున్నాడు. ఆ ‘నేను’లో తల్లి అన్న హోదా పలచబడుతుంది. కూతురు, చెలిమి కోరిన స్త్రీ, అలసిన మనిషి ముందుకు వస్తారు. ఏ పాఠకుని సొంత తల్లితోనూ పూర్తిగా సరిపోలని వివరాలివి. అందువల్ల ‘మా అమ్మ’ అన్న స్వగత భావన ఇక్కడ చెదురుతుంది. తల్లి అవసరం దేశకాలాలకు కట్టుబడినది కానందువల్ల ‘వారి సంస్కృతి’ అన్న పరగత భావనా చెదురుతుంది. సాధారణీకరణానికి అవకాశం ఏర్పడేది ఈ చోట. మొదటి మూడు అధ్యాయాలు పాఠకుణ్ణి తన దుఃఖంలో బంధించి, నాలుగవ అధ్యాయం ఆ కట్టు విప్పుతుంది.

స్త్రీవాద విమర్శ లేవనెత్తిన ప్రశ్నకు కూడా పాక్షిక సమాధానం ఇక్కడే ఉంది. తల్లిని త్యాగమూర్తిగా నిలిపినవి కుటుంబ సభ్యుల జ్ఞాపకాలు. ఆమె తన గొంతుతో మాట్లాడినప్పుడు ఆ మూర్తి నిలవదు. ఉపసంహారంలో చిన్న కూతురు అక్కకు రాసిన లేఖలో, అమ్మలా తాను జీవించలేనని చెప్పుకోవడం ఈ దిశలోనే ఉంది. అయితే సమాధానం పాక్షికమే. చివరి దృశ్యంలో పెద్ద కూతురు రోమ్ చేరి, వాటికన్‌లోని మైకెలాంజెలో శిల్పం ‘పియెతా’ ముందు నిలుస్తుంది. చనిపోయిన కుమారుణ్ణి ఒడిలో ఉంచుకొన్న తల్లి మూర్తి అది. అమ్మను చూసుకొమ్మని ఆమె అక్కడ వేడుకుంటుంది. మనిషిగా మారిన తల్లిని నవల చివరకు మళ్ళీ పవిత్ర మాతృమూర్తి పాదాల దగ్గరకు చేర్చిందని ఎవరైనా అంటే ఆ మాటను తోసిపుచ్చడం కష్టం. నాలుగవ అధ్యాయపు చివరి చిత్రంలో తల్లి ఒడికి చేరినది సో-న్యో స్వయంగా కాబట్టి, ‘పియెతా’లోని బిడ్డ స్థానంలో ఆమెనే చూడడం మరొక అన్వయం. రెండు అన్వయాలకూ పాఠంలో ఆధారం ఉంది.

8. స్పందనల అధ్యయనానికి సూచనలు

ఈ పరిశీలన నుంచి పాఠక ప్రతిస్పందన మీద పనిచేసే పరిశోధకులకు మూడు విషయాలు స్పష్టమవుతాయి.

ఒకటి, అమ్మకాల సంఖ్య, కన్నీటి సాక్ష్యాలు రచన ప్రభావాన్ని తెలుపుతాయి. ఆ ప్రభావం రచన వల్ల కలిగినదా, పాఠకుని జీవిత స్మృతి వల్ల కలిగినదా అన్నది వేరుగా తేల్చుకోవాలి. పాఠకుల లేఖలను గాని, ముఖాముఖి సమాధానాలను గాని సేకరించేటప్పుడు ‘మీరు ఏడ్చారా’ అని అడగడం కన్నా, ఏ ఘట్టం దగ్గర చదవడం ఆపారు, అప్పుడు ఎవరు గుర్తుకొచ్చారు అని అడగడం మేలు.

రెండు, ప్రతికూల స్పందనను అభిరుచి లోపంగానో, సాంస్కృతిక అహంకారంగానో వెంటనే కొట్టివేయరాదు. మాట తీరులో అనౌచిత్యం ఉన్నా, దాని వెనుక రచనా నిర్మాణానికి సంబంధించిన నిజమైన ప్రశ్న ఉండవచ్చు. కోరిగన్ సమీక్షలోని ప్రధాన అభ్యంతరం మొదటి మూడు అధ్యాయాలకు వర్తించినంతగా నాలుగవ అధ్యాయానికి వర్తించదు. ఆక్షేపణకు ఎంత పరిధి ఉన్నదో నిర్ణయించడం దాన్ని ఖండించడం కన్నా ఉపయోగకరం.

మూడు, అనువాదంలో చదివిన పాఠకుల స్పందనను మూల పాఠకుల స్పందనతో పోల్చేటప్పుడు సర్వనామాలు, క్రియల సకర్మక అకర్మక భేదాలు వంటి చిన్న అంశాలను తప్పక పరిశీలించాలి. రెండు సమూహాల పాఠకులు చదివినది ఒకే కథ అయినా, వారిని పిలిచిన పిలుపు ఒకటి కాదు.

9. ముగింపు

కుటుంబం, ఎడబాటు వస్తువుగా గల విషాద నవలను చదివేటప్పుడు పాఠకుడు తన ఇంటిని పూర్తిగా మరచిపోవడం సాధ్యం కాదు. షిన్ క్యుంగ్-సుక్ నవల ఆ అసాధ్యతనే ఆధారం చేసుకొని, పాఠకుణ్ణి ముందు తన ఇంటికి పంపి, తరువాత సో-న్యో పుట్టింటికి తీసుకువెళుతుంది. ఏడ్చినవారిలో కొందరు మొదటి ఇంటి దగ్గరే ఆగారు. ఆక్షేపించినవారిలో కొందరు ఆ ఇంట్లోకి అడుగుపెట్టడానికే నిరాకరించారు. రెండవ ఇంటిదాకా వెళ్ళిన పాఠకుడికి మాత్రం తల్లి కూడా ఒకప్పుడు ఇల్లు విడిచి వచ్చిన ఆడపిల్ల అన్న సత్యం తెలుస్తుంది. ఇల్లు విడిచినవారి జాబితాలో భర్త, కొడుకు, కూతురు పక్కన ఆమె పేరు అందరికన్నా ముందు చేరవలసి ఉంది. పెళ్ళినాడు ఆమె విడిచిన ఇంటిని గురించి నాలుగవ అధ్యాయం దాకా ఎవరూ అడగలేదు. నవల మీద జరిగిన చర్చలోనూ ఆ ప్రశ్నకు దక్కిన చోటు స్వల్పమే. ఈ నవలకు వచ్చిన స్పందనలను ఇకముందు పరిశీలించేవారు ఆరంభించవలసినది ఆ ప్రశ్నతోనే.